కాటను దొర – డెల్టా సేద్యము

సేద్యమునకు మూలసూత్రములు పెక్కులు లేవు. నేల యుండవలెను. ఆ నేలకు అదనున నీరందవలెను. అందిన నీరు మిగిలినచో పోవుటకు దారి యుండవలెను. పైరు పీల్చుకొనిన సారము ఏదో యొక రూపమున మరల నేలకు చేరవలెను. పండిన గింజ తినువాని ముంగిటికి చౌకగా నడవవలెను. ఈ యైదింటిలో ఏది తప్పినను తక్కిన నాలుగును వ్యర్థమగును. ఇవి మన పల్లెలలో అక్షరము రాని పాలికాపునకును తెలిసిన సంగతులే. కాని పాలకులకు తెలియజెప్పుట మాత్రము ఏనాడును సులభము కాలేదు. పందొమ్మిదవ శతాబ్దమున ఈ మాటలను ప్రభుత్వమునకు నచ్చజెప్పుటకై అరువది యేండ్లకు పైగా పెనగులాడిన యింజనీరు సర్ ఆర్థర్ కాటను. ఆయన గెలిచినచోట డెల్టా పండినది. ఓడినచోట కరవు మిగిలినది. ఆయన తానే పొరబడిన చోటులును గలవు. వాటినుండియు మనము నేర్చుకొనవలసిన దున్నది.

గోదావరీ తీరమున స్నానమాచరించు వైదికులు ఈ ఆంగ్లేయుని భగీరథునిగా స్మరించు శ్లోకమొకటి మన ప్రాంతమున వాడుకలో నున్నది. అనేక గృహములలో ఆయన పటము దేవతల పటముల సరసన వ్రేలాడుచుండును. కృతజ్ఞత మన జాతికి భూషణమే. అయినను పటమునకు పూలదండ వేసినంత మాత్రమున పటములోని మనిషి అర్థము కాడు. ఆయన యేమి చేసెను, ఎట్లు చేసెను, ఎవరివద్ద నేర్చెను, ఎక్కడ తప్పెను అనునది తెలిసికొనుట ఆయన కాలువల నీటితో నన్నము తినువారి విధి.

ఆర్థర్ థామస్ కాటను 1803 వ సంవత్సరము మే నెల 15 వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటను. పదునొకండుగురు కుమారులలో ఇతడు పదవవాడు. అంతమంది బిడ్డలు గల యింట ఆస్తి పంపకముపై ఆశ పెట్టుకొనుటకు వీలులేదు. కావున పదునైదవ యేట ఈస్టిండియా కంపెనీవారి అడిస్కాంబు సైనిక విద్యాలయమున చేరి, యింజనీరింగు శాఖకు ఎన్నికై, 1821 లో చెన్నపట్టణమున దిగెను. అప్పటికి వయస్సు పదునెనిమిది. మరుసటి యేడు దక్షిణ మండలములలోని చెరువుల శాఖలో సహాయకుడుగా నియమింపబడెను. నడుమ 1824 మొదలు 1826 వరకు జరిగిన మొదటి బర్మా యుద్ధమునకు పోయి వచ్చెను. కాని ఆ యువకుని చిత్తము ఆకర్షించినది యుద్ధము కాదు, నీరు.

ఆయనకు గురువు కావేరీనది. 1828 లో కావేరీ జలకార్యములు ఆయన చేతికి వచ్చెను. తిరుచిరాపల్లికి ఎగువన కావేరి రెండుగా చీలును. ఉత్తరపు పాయ కొల్లిడము. దక్షిణపు పాయ కావేరియే. కొల్లిడము వాలెక్కువ. కావున ఏటేట అది నీటిని తనవైపునకు లాగుకొని వృథాగా సముద్రమున కలుపుచుండెను. కావేరిపాయ మొదట ఇసుక మేటలు వేసి, తంజావూరు పొలములకు నీరు సన్నగిల్లుచుండెను. పూర్వపు చోళుల కాలమున ధాన్యాగారమని పేరొందిన సీమ ఎండు దారి పట్టెను.

అచ్చటనే కల్లణై యున్నది. కరికాలచోళుడు కట్టించెనని ప్రతీతి. శతాబ్దముల వరదలకు నిలిచిన ఆ కట్టను కాటను శ్రద్ధతో పరిశీలించెను. నాటి యూరపు శాస్త్రము చెప్పిన దేమనగా, కట్టడమునకు గట్టినేల లేక రాయి పునాది కావలెను. కావేరి పడకలో ఎంత త్రవ్వినను ఇసుకయే. అట్టిచోట మన పూర్వులు చేసిన దేమి? పెద్ద రాళ్లను ఇసుకపై పడవేసిరి. నీటి యొరపిడికి అడుగునుండి ఇసుక జారగా రాళ్లు క్రుంగినవి. వానిపై మరల రాళ్లు వేసిరి. ఈ తీరున క్రుంగి క్రుంగి యొకచోట నిలిచిన రాతిగుట్టయే పునాది యైనది. దానిపై మట్టితోను రాతితోను కట్ట లేచినది. వదులైన ఇసుకపై కట్టడము నిలుపు విద్యను ఈ దేశపు పూర్వ శిల్పులవద్దనే తాను నేర్చితినని కాటను దాచక చెప్పుకొనెను. పాలకజాతివాడు పాలితులను గురువులుగా నంగీకరించుట నాటి దినములలో అరుదైన గుణము. ఆయన తరువాతి విజయముల కన్నిటికిని ఈ వినయమే మెట్టు.

1836 లో కొల్లిడము మొదట ఎగువ ఆనకట్టయు, ఆ పాయ దిగువన మఱియొక ఆనకట్టయు వెలసెను. కావేరికి నీరు నిండుగా వచ్చెను. కొంతకాలమునకు ఎక్కువగానే వచ్చుటచే, దానిని అదుపులో నుంచుటకు మరల కట్టడములు చేయవలసి వచ్చెను. నదిని ఒకచోట తాకినచో ఆ ఫలము మఱియొకచోట కనబడునని ఆయన నేర్చిన రెండవ పాఠమిది. తంజావూరు మాగాణి తేరుకొనెను. అంతలో ఆయన ఆరోగ్యము చెడెను. సెలవుపై పోయి 1841 లో టాస్మానియా ద్వీపమున ఎలిజబెత్ లియర్మంత్ అను కన్యను వివాహమాడి మరల మన దేశమునకు వచ్చెను. విశాఖపట్టణమున కొంతకాలము పనిచేసిన పిమ్మట 1844 లో గోదావరి మండలమును పరిశీలింపుమని ఆజ్ఞ యయ్యెను.

అప్పటి గోదావరి మండలము నేటి వారి యూహ కందదు. 1821 లో సుమారు 7 లక్షల 38 వేలుగా నున్న జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగజారెను. ఇరువది యేండ్లలో పెరుగవలసిన జనము నాలుగవవంతు తరిగిపోయిన దన్నమాట. 1832-33 నాటి నందన కరవు గుంటూరు సీమలో లక్షకు పైబడిన జనమును బలిగొన్నది. ఆ వేడి గోదావరిని కూడ తాకినది. తరువాత వరుసగా వానలు తప్పినవి. 1839 నవంబరులో కోరంగి తీరమున ఉప్పెన వచ్చి ఊళ్లను, ఓడలను, పైరులను తుడిచివేసినది. శిస్తు వసూళ్లు తగ్గెను. రైతులు ఇండ్లు విడిచి ఇతర మండలములకు పోజొచ్చిరి. పొలములు బీళ్లయ్యెను.

ఇందలి విపరీతమును గమనింపుడు. ఆ కరవు దినములలో కూడ గోదావరి నిండుగనే పారుచుండెను. నాసికాత్ర్యంబకమున పుట్టి తొమ్మిదివందల మైళ్లు నడచి వచ్చు నది అది. పడమటి కనుమలలోను మధ్యదేశపు అడవులలోను కురిసిన వాన, మన యూరిలో చినుకు పడకున్నను ఆషాఢ శ్రావణములలో ఎఱ్ఱనీరై మన గట్ల నొరసికొని పోవును. గట్టుకు ఈవల పైరు ఎండుచుండ, గట్టుకు ఆవల ఒండ్రుతో నిండిన బంగారమువంటి నీరు సముద్రమున కలియుచుండెను. వరద మితిమీరిన యేట గట్లు తెగి ఉన్న పంటయు మునుగును. నీరు లేక యొక యేడు, నీరెక్కువై యొక యేడు నష్టము. నేల మంచిది, నీరు సమృద్ధము, రైతు కష్టజీవి. ఈ మూటిని కలుపు సూత్రము మాత్రము లేదు.

మండల దుస్థితిని విచారించిన సర్ హెన్రీ మాంట్‌గోమరీ తగిన యింజనీరుచే పరీక్ష చేయింపవలెనని సలహా యిచ్చెను. ఆ పనికి వచ్చిన కాటను గుఱ్ఱముపైనను కాలినడకనను గట్లవెంట తిరిగి నేలవాలును కొలిచెను. ఆయన గ్రహించిన రహస్యము సేద్యమెరిగిన ప్రతివాడును తెలిసికొనదగినది. సామాన్యముగా నది పల్లములో పారును. పొలములు మెరకలో నుండును. డెల్టాలో నట్లు కాదు. ఏటేట వరద ఒండ్రును గట్టుప్రక్కనే ఎక్కువగా పోసిపోవుటచే నదీతీరము మెరకయై, తీరమునుండి దూరము పోయినకొలది నేల పల్లమగును. అనగా నది తాను పోసికొనిన దిబ్బమీద తానే నడచును. కావున డెల్టాకు శిరోభాగమున, కొండల నడుమనుండి నది వెలువడి చీలు తావున నీటిమట్టమును కొలది అడుగులు పైకెత్తినచో చాలును. ఆ మెరక వీపులమీదుగా కాలువలు త్రవ్వినయెడల, ఏతములేదు, కపిలెలేదు, నీరు తనంత తానే ఇరుప్రక్కల పొలములకు దిగును. ఆ తావు ధవళేశ్వరము. అచ్చట కట్టడమునకు వలయు రాయి గల కొండయు ఒడ్డుననే యున్నది.

1844 లోను 1845 లోను ఆయన నివేదికలు పంపెను. మొదటి యంచనా సుమారు 4 లక్షల 75 వేల రూపాయలు. 1846 చివర కంపెనీ డైరెక్టర్లు సమ్మతించిరి. ఆయన తన నివేదికలో ప్రజల ఆకలిని గూర్చి యెంత చెప్పెనో, పెట్టుబడిపై వచ్చు రాబడిని గూర్చి అంతకంటె నెక్కువగా చెప్పెను. వినువారు వర్తకులు, వారికి తెలిసిన భాష అది. కంపెనీ ప్రభుత్వము ఆనకట్ట కట్టించినది కేవలము కరుణచే గాదు. తగ్గిన శిస్తు పెరుగునని కట్టించినది. పెరిగిన శిస్తును గైకొన్నది. ఈ నిజమును మరువనక్కర లేదు. ఆ వర్తకబుద్ధిని మన పొలములకు నీరుగా మార్చిన నేర్పు కాటనుది.

1847 లో పని ఆరంభమయ్యెను. ధవళేశ్వరమువద్ద లంకలతో కలిసి నది వెడల్పు నాలుగు మైళ్లు. అందు కట్టవలసిన రాతికట్టడము సుమారు రెండుంబాతిక మైళ్లు. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అని నాలుగు ఖండములు, నడుమ లంకలు, లంకలపై మట్టికట్టలు. వేసవియందు నీరు తగ్గిన నెలలలోనే పని సాగవలెను. వరద వచ్చునప్పటికి సగము కట్టినది నిలువవలెను. పదివేలమంది కూలీలు పనికి వచ్చిరి. కొండనుండి రాతిని దింపుటకు ఇనుపపట్టాలపై బండ్లు, నదిపై పడవలు. ఇసుకలో బావులవలె గుండ్రముగా కట్టిన పునాదులు దింపి, వానిపై గోడలు లేపి, నడుమ ఇసుక నింపి, పైన రాతిపరపు పరచి, దిగువన పెద్ద రాళ్లు విరజిమ్మిరి. కల్లణైలో నేర్చిన విద్య యిచ్చట నక్కరకు వచ్చెను. మేటవేయు ఇసుకను కడిగి పంపుటకు తూములు, కాలువ మొదళ్లకు తలుపులు, పడవలు దాటుటకు లాకులు నమర్చిరి.

ఈ పని యొకనివలన నైనది కాదు. 1848 లో ఎండదెబ్బకు కాటను ఆరోగ్యము తప్పి సెలవుపై ఆస్ట్రేలియా వెళ్లగా కెప్టెన్ ఓర్ భారము వహించెను. 1850 లో కాటను తిరిగివచ్చెను. గన్నవరమువద్ద గోదావరిపాయపై కాలువను దాటించుటకు నలువదితొమ్మిది కమానుల అక్విడక్టును హేగ్ అను యువక యింజనీరు నిర్మించెను. మన తెలుగువాడు వీణెం వీరన్న గారు కూలీలను కూర్చుటలోను, పనిని నడపుటలోను కాటనునకు కుడిభుజమై నిలిచి ఆయన మన్ననను పొందెను. ఇక మన్ను త్రవ్విన ఉప్పరులు, రాయి కొట్టిన వడ్డెరలు, తట్టలు మోసిన స్త్రీలు వేలమంది. వారి పేర్లు ఏ శిలాఫలకమునను లేవు. డెల్టాలో ప్రతి గాదెయందును వారికి భాగమున్నదని తలచుటకంటె వారికి మనము చేయగల గౌరవము లేదు.

1852 నాటికి ఆనకట్ట ముగిసెను. వ్యయము మొదటి యంచనాను చాల మించినది. కాని ఫలము అంతకంటె మించినది. ఆ యేటనే కృష్ణానదిపై బెజవాడవద్ద ఆనకట్ట ఆరంభమై ఓర్ చేతిమీదుగా 1855 లో పూర్తియయ్యెను. అంతకుముందు వానదేవుని ముఖము చూచి జొన్నయో, చోళ్లో చల్లుకొనుచుండిన పొలములలో వరి నాట్లు పడెను. ఊరు విడిచినవారు తిరిగి వచ్చిరి. ఒండ్రునీరు మళ్లెక్కుటచే నీటితోపాటు ఎరువును పొలమునకు నడచివచ్చెను. కాలువనీరు బావినీటివంటిది గాదనియు, అందలి మడ్డియే సగము బలమనియు కాటను పదేపదే వాదించుచుండెను. కాలువలలో పడవలు తిరుగజొచ్చెను. కాకినాడకు, నరసాపురమునకు, ఏలూరునకు ధాన్యము నీటిదారిని తక్కువ కిరాయికి చేరెను. పంటకాలువయే బాటయు నగుట ఆయన పథకమునకు జీవము. గింజ పండించుట సగము పని. దానిని తినువానికి చేర్చుట తక్కిన సగమని ఆయన సిద్ధాంతము.

పిమ్మట 1876 లో ధాతకరవు వచ్చెను. మద్రాసు రాజధానిలో లక్షలాది ప్రజలు మడిసిరి. బళ్లారి, కర్నూలు, కడప సీమలలో పశువులకు గడ్డియు, మనుష్యులకు గంజియు కరవయ్యెను. ఆ రెండేండ్లలో గోదావరీ కృష్ణా డెల్టాలు తాము నిలిచి, తమ ధాన్యమును పొరుగు మండలములకు పంపగలిగెను. నలువది యేండ్ల క్రిందట నందనలో చచ్చిన సీమ ధాతలో నితరులకు పెట్టెను. ఆనకట్టకు ఇంతకంటె వేరు సాక్ష్యము వలదు.

కాటను మద్రాసునకు ముఖ్య యింజనీరై, 1861 లో సర్ బిరుదము పొంది, ఉద్యోగమునుండి విశ్రమించి స్వదేశమునకు పోయెను. కాని విశ్రాంతి ఆయన ప్రకృతిలో లేదు. మిగిలిన నలువది యేండ్లును ఒక్కటే వివాదము. భారతదేశమున ప్రభుత్వము కోట్లు గుమ్మరించి, నూటికి అయిదు వడ్డీకి హామీ యిచ్చి రైలుదారులు వేయించుచుండెను. ఆ వడ్డీ భారము ఈ దేశపు రైతుపై బడుచుండెను. రైలు ధాన్యమును మోయును గాని గింజను పుట్టింపజాలదు. కాలువ రెండు పనులును చేయును. అట్టిచో మొదటి రూపాయి దేనికి పోవలెను? ఇదియే ఆయన ప్రశ్న. నదులను కాలువలతో కలిపి దేశమంతట జలమార్గములు నడపవచ్చునని ఆయన స్వప్నము. 1878 లో పార్లమెంటు నియమించిన సంఘము ఎదుట డెబ్బదియైదేండ్ల వృద్ధుడు నిలిచి వాదించెను. సంఘములోని యధికసంఖ్యాకులకు అది రుచింపలేదు. ఆయనకు కాలువల పిచ్చి పట్టినదని అధికారులు పరిహసించిరి. రైళ్ల వెనుక ఇనుపకొలుముల స్వాములును, లండను ధనికులును ఉండిరి. కాలువల వెనుక నున్నది రైతొక్కడే; ఆ రైతునకు పార్లమెంటులో ఓటు లేదు. తరువాత రమేశచంద్రదత్తు ప్రభృతులు మన దేశ ఆర్థికచరిత్ర వ్రాయుచు కాటను వాదమునే ఎత్తిచూపిరి.

ఇంతవరకు ఆయన పక్షమున చెప్పితిమి. న్యాయముగా రెండవ ప్రక్కయు చూడవలెను. తుంగభద్రకు సుంకేసులవద్ద ఆనకట్ట కట్టి కర్నూలునుండి కడపకు కాలువ త్రవ్వుట ఆయన ప్రేరణముననే మద్రాసు ఇరిగేషను కంపెనీ చేపట్టిన పని. 1860 దశకమున త్రవ్వకము సాగెను. ప్రభుత్వము పది లక్షల పౌనుల మూలధనమునకు వడ్డీ హామీ యిచ్చెను. కాలువ పారెను; రైతు మాత్రము నీరు కొనలేదు. కారణమేమి? అది డెల్టా గాదు. చాలవఱకు నల్లరేగడి నేల. ఆ నేల ఒక్క మంచి వానను నెలలతరబడి కడుపున దాచుకొని జొన్నను, ప్రత్తిని, శనగను పండించును. దానికి నిండు నీరు కట్టినచో చెమ్మ యెక్కువై పైరు పాడగును. మంచి యేట మెట్టరైతునకు కాలువ అక్కరలేదు. చెడ్డ యేట మాత్రమే కావలెను. అట్టివాడు ఏటేట నీటిరుసుము నెట్లు చెల్లించును? నేలను చదును చేయుటకు, ఎడ్లను పెంచుటకు, మాగాణి పద్ధతి నేర్చుటకు వలయు పెట్టుబడి యెవరిచ్చిరి? కంపెనీ దివాలా దారి పట్టగా 1882 లో ప్రభుత్వము కాలువను కొనివేసెను. గోదావరిలో గెలిచిన సూత్రము రాయలసీమలో నట్లే గెలుచునని తలచుట పొరబాటు. నీరు సేద్యమునకు ప్రాణమే. కాని నేల స్వభావము, రైతు స్థితి, పైరు వాడుక కనుగొనక పోసిన నీరు ప్రాణము పోయజాలదు. ఆ కాలువయే కాలక్రమమున సరిదిద్దబడి నేడు ఆ సీమకు ఆధారమగుట వేరు సంగతి. అందుకు తరములు పట్టినది.

వృద్ధాప్యమున ఆయన చేసిన పని యొకటి మనవారికి అంతగా తెలియదు. డార్కింగు పట్టణమున తన యింటి పెరటిలో గోధుమ వేసి లోతుసేద్యపు పరీక్షలు జరుపుచుండెను. నేలను పైపైన గీరక రెండడుగుల లోతువరకు గుల్లచేసి, గాలియు తేమయు లోనికి పోవునట్లు చేసి, విత్తనము పలుచగా వేసినచో వేరు లోతునకు దిగి, దుబ్బు కట్టి, కొలది విత్తనముతో ఎక్కువ గింజ వచ్చునని ఆయన నమ్మకము. తొంబదియేండ్లు దాటిన సేనాని మడిలో వంగి కంకులు లెక్కించుచుండెను. నదులను మలచినవాడు చివర పిడికెడు మట్టికడకు వచ్చెను. ఆయనకు ఆనకట్టయు, మడిచెక్కయు ఒకే విద్యలోని రెండు పాఠములు. 1899 జూలై 24 వ తేదీన, తొంబదియారవ యేట, కాటను దివంగతుడయ్యెను. మరుసటి యేట ఆయన కుమార్తె లేడీ హోపు తండ్రి చరిత్రమును ప్రకటించెను.

ఆయన కట్టిన ఆనకట్ట నూరేండ్లకు పైగా పనిచేసినది. దాని స్థానమున 1970 లో ఆరంభించి 1982 నాటికి ముగించిన బ్యారేజికి ఆయన పేరే పెట్టబడినది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో పది లక్షలకు పైబడిన యెకరములు దాని నీటితో సాగగుచున్నవి. ఆ ధాన్యపు రాశులనుండియే మన తీరపు పట్టణములు, పాఠశాలలు, ముద్రాలయములు, మిల్లులు పుట్టినవి. తెలుగుజాతి ప్రజాజీవితమున కొకింత తీరిక దొరకినదన్నను ఆ తీరిక ఆ నీటి చలువయే.

అయినను వారసులమైన మనము ఆస్తిని నిలుపుకొనుచున్నామా యని ప్రశ్నించుకొనవలెను. మొదట చెప్పిన యైదు సూత్రములను మరల చూడుడు. నీరందించు కాలువపై మనకు గల శ్రద్ధ నీరు పోగొట్టు మురుగుకాలువపై లేదు. గుఱ్ఱపుడెక్కయు, పూడికయు నిండిన మురుగుకాలువ యొక్క వానకే వెనుకకు తన్ని నాటిన వరిని కుళ్లించును. 2011 వ సంవత్సరమున కోనసీమ రైతులు సార్వా పంటకు సెలవు ప్రకటించిరి. నీరులేక గాదు, మురుగు పారక, గిట్టుబాటు ధర లేక, కూలి ఖర్చునకు తాళలేక. అన్నపూర్ణయని పేరొందిన సీమలో రైతు తన చేతులతో నాగలిని పక్కన బెట్టుట దేశమున కొక హెచ్చరిక. కాలువ మొదట నున్నవాడు మడి నింపుకొని పల్లమునకు వదలును. శివారు రైతు తూమువైపు చూచుచు కూర్చుండును. నీరు కాటను తెచ్చినను, పంపకము మన చేతిలోనే యున్నది.

మఱి ఒండ్రు సంగతి. ఎగువన జలాశయములు వెలసిన పిదప వరదతో దిగు ఒండ్రు తగ్గినది. నది ఉచితముగా పోసిన ఎరువు తగ్గినప్పుడు దానిని రైతే సమకూర్చుకొనవలెను. మన తాతలు కోతలు కాగానే జనుము, పిల్లిపెసర చల్లి మాగాణిలోనే దున్నుచుండిరి. పశువుల పెంటను, చెరువు మట్టిని పొలమునకు తోలుచుండిరి. ఇప్పుడు రెండు వరి పంటలు తీసి, గడ్డిని తగులబెట్టి, బస్తాలలోని ఎరువుపైనే భారము వేయుచున్నాము. పుచ్చుకొనుటయే గాని యిచ్చుట లేని బేరమునకు నేల యెంతకాల మోర్చును? సముద్రపు దాపున చౌడెక్కిన పొలములే దీనికి కొంత జవాబు చెప్పుచున్నవి.

కాటను జీవితము బోధించునది యిది. ఆహారము ఆకాశమునుండి రాదు. పాలకుల ప్రకటనలనుండియు రాదు. వాలును కొలిచి, నేలను గుర్తెరిగి, నీటిని నడపి, మురుగును పోనిచ్చి, సారమును తిరిగి చెల్లించి, గింజను గమ్యమునకు చేర్చు నిత్యకృత్యమునుండి వచ్చును. ఆ కృత్యములో ఏ యొక్కటి యొక్క యేడు మానినను తరువాతి యేడు వడ్డీతో వసూలగును. భూస్వాములు తమ పొలము దాపున నున్న మురుగుకాలువ నీ వేసవిలోనే చూచుకొనవలెను. పట్టణవాసులు తమ పళ్లెములోని మెతుకునకు శివారు రైతునకు గల సంబంధమును తలపోయవలెను. ప్రభుత్వము కొత్త శంకుస్థాపనలకు ముందు పాత కాలువల పూడిక తీయింపవలెను. పుష్కరమునకు పండ్రెండేండ్లకొకమారు స్మరింపబడు పేరు ఏటేట పూడిక తీయునప్పుడు స్మరింపబడిననాడు, ఆ యింజనీరు ఋణము కొంత తీరును.